ప్రొలాక్టిన్ 64 వచ్చింది, నాకు పిల్లలు పుడతారా?

ప్రశ్న: డాక్టర్ గారూ, నాకు 27 ఏళ్లు. పెళ్లై మూడేళ్లయింది. మొదట్లో నెలసరి సరిగానే వచ్చేది. ఏడాదిగా నలభై, యాభై రోజులకోసారి వస్తోంది. ఒక్కోసారి రెండు నెలలు కూడా దాటుతోంది. ఈ మధ్య రక్తపరీక్ష చేయిస్తే ప్రొలాక్టిన్ 64 అని వచ్చింది, పక్కన 25 లోపు ఉండాలని రాసి ఉంది. ఆ రోజు తెల్లవారుజామునే లేచి బస్సెక్కి, ఏడింటికల్లా ల్యాబ్‌కి చేరి, దిగీ దిగగానే రక్తం ఇచ్చాను. రొమ్ము గట్టిగా నొక్కితే రెండు చుక్కలు పాలలా వస్తున్నాయి. రోజూ చూసుకుంటున్నాను, ఇంకా వస్తూనే ఉన్నాయి. మా వారికి కూడా ఈ సంగతి చెప్పలేదు. ఫోన్‌లో వెతికితే మెదడులో గడ్డ ఉంటే ఇలా అవుతుందని ఉంది. అప్పటినుంచి నిద్ర లేదు. తెలిసిన మెడికల్ షాపు అన్నయ్య వారానికి రెండు బిళ్లలు వేసుకుంటే దిగిపోతుందని కాబెర్గోలిన్ ఇచ్చాడు, ఇంకా మొదలుపెట్టలేదు. వేరే జబ్బులేమీ లేవు. గ్యాస్‌కి మాత్రం ఏడాదిన్నరగా రోజూ పరగడుపున ఒక క్యాప్సూల్ వేసుకుంటాను, అట్ట మీద రాబెప్రజోల్, లెవోసల్పిరైడ్ అని ఉంది. పాలిచ్చే తల్లికి ఉండాల్సిన హార్మోన్ పిల్లలే లేని నాకెందుకు పెరిగింది? అత్తయ్య అడుగుతుంటే ఏం చెప్పాలో తెలియడం లేదు.

జవాబు: అమ్మా, ముందు మీ గ్యాస్ క్యాప్సూల్ సంగతి మాట్లాడుకుందాం. వేరే జబ్బులేమీ లేవని చెప్పి, మాటవరసకు దాన్ని చివర్లో రాశారు. కానీ మీ నెలసరి గతి తప్పడానికీ, రిపోర్టులో ఆ 64కీ కారణం చాలావరకు ఆ క్యాప్సూల్‌లోనే ఉండొచ్చని నా అనుమానం. అందులో రాబెప్రజోల్ కడుపులో యాసిడ్ తగ్గించే మందు, దానితో ఈ గొడవ లేదు. దానికి జతచేసిన లెవోసల్పిరైడ్ ప్రొలాక్టిన్‌ని పెంచుతుంది. ఆ మందు పనిచేసే పద్ధతే అలాంటిది. మీరు క్యాప్సూల్ మొదలుపెట్టి ఏడాదిన్నర, నెలసరి తప్పడం మొదలై ఏడాది. లెక్క కూడా కుదురుతోంది.

అయితే అంతకంటే ముందు చేయాల్సిన చిన్న పని ఒకటుంది. గర్భ పరీక్ష. నెలసరి ఆలస్యమైంది, ప్రొలాక్టిన్ పెరిగింది అన్నప్పుడు మేం మొదట అడిగే ప్రశ్న అదే, ఎందుకంటే గర్భం వస్తే ప్రొలాక్టిన్ మామూలుగానే పెరుగుతుంది, నెలలు నిండేసరికి 200 దాటినా ఆశ్చర్యం లేదు. మీకు నెలసరి ఎప్పుడొస్తుందో తెలియని స్థితి కాబట్టి, ఏ మందు మొదలుపెట్టాలన్నా, ఏ స్కానింగ్‌కి వెళ్లాలన్నా ముందు పొద్దుటి మూత్రంతో ఆ పరీక్ష చేసుకోండి. అది లేదని తేలాకే మిగతాదంతా.

ఇప్పుడు మీరడిగిన ప్రశ్నకు వస్తాను. ప్రొలాక్టిన్ ఒక్క బాలింతల హార్మోన్ కాదమ్మా. మీలో ఉంది, మీ వారిలో ఉంది, పెళ్లికాని పిల్లల్లో ఉంది. మెదడు అడుగున, ముక్కు వెనకాల ఎముకలోని చిన్న గుంటలో పిట్యూటరీ అనే గ్రంథి ఉంటుంది. బరువు సుమారు అర గ్రాము. ఎదుగుదల, థైరాయిడ్, నెలసరి, పాలు, అన్నిటికీ అక్కడినుంచే ఆజ్ఞలు వెళ్తాయి. నెలసరి విషయంలో దాని ముఖ్యమైన హార్మోన్లు రెండు. ఎఫ్‌ఎస్‌హెచ్ అండాశయంలో అండాన్ని పెంచుతుంది. ఆ అండం పక్వానికి వచ్చాక ఎల్‌హెచ్ ఒక్కసారిగా పెరుగుతుంది, ఆ తర్వాత సుమారు ఒకటిన్నర రోజుకు అండం విడుదలవుతుంది. విడుదలైన రెండు వారాలకు, గర్భం నిలవకపోతే, నెలసరి వస్తుంది.

ఈ రెండూ వాటంతట అవి రావు. పిట్యూటరీకి పైన, మెదడులో ఉన్న హైపోథాలమస్ అనే భాగం నుంచి జీఎన్‌ఆర్‌హెచ్ అనే సంకేతం ఉండుండి విడుదలవుతూ ఉండాలి. నెలసరి మొదటి సగంలో అయితే సుమారు గంట, గంటన్నరకోసారి. ఆ వరస తప్పకుండా ఉంటేనే పిట్యూటరీ తన పని తాను చేస్తుంది. ప్రొలాక్టిన్ పెరిగినప్పుడు దెబ్బ పడేది సరిగ్గా ఇక్కడే. ఈ సంకేతాన్ని తట్టిలేపే నాడీకణాలు హైపోథాలమస్‌లో కొన్ని ఉన్నాయి, వాటిని కిస్‌పెప్టిన్ కణాలంటారు. ప్రొలాక్టిన్ వాటిని అణిచేస్తుంది. దాంతో సంకేతం పలచబడుతుంది, ఎల్‌హెచ్, ఎఫ్‌ఎస్‌హెచ్ తగ్గుతాయి, అండం పూర్తిగా ఎదగదు లేదా ఆలస్యంగా ఎదుగుతుంది. కొద్దిగా పెరిగితే నెలసరి దూరం జరుగుతుంది, బాగా పెరిగితే పూర్తిగా ఆగిపోతుంది. మీ గర్భసంచిలో లోపం ఉందనో, అండాలు అయిపోయాయనో దీనర్థం కాదు. అండాశయాలకు అందాల్సిన ఆజ్ఞ సరిగా అందడం లేదు, అంతే.

ప్రకృతి ఈ ఏర్పాటు ఎందుకు చేసిందో బాలింతను చూస్తే తెలుస్తుంది. చంటిబిడ్డ రొమ్ము చీకినప్పుడల్లా తల్లికి ప్రొలాక్టిన్ పెరుగుతుంది, పాలు ఊరతాయి, చీకడం వల్లే జీఎన్‌ఆర్‌హెచ్ కూడా తగ్గి అండం విడుదల ఆగుతుంది. ఒడిలో ఒక బిడ్డ పాలు తాగుతుండగా వెంటనే ఇంకొకరు కడుపున పడకుండా ఒళ్లు చేసుకునే కాపలా అది. బిడ్డకు ఆరు నెలలు నిండకుండా, పగలూ రాత్రీ తల్లిపాలు తప్ప ఇంకేమీ పట్టకుండా, నెలసరి తిరిగి మొదలుకాకుండా ఉంటే, ఈ మూడూ ఉన్నంతకాలం మళ్లీ గర్భం వచ్చేది నూటికి ఇద్దరికి లోపే. మూడింటిలో ఒక్కటి తప్పినా ఆ భరోసా లేదు. ఈ సంగతి బాలింతలకు స్పష్టంగా చెప్పేవాళ్లు తక్కువ, అందుకే సందర్భం వచ్చింది కాబట్టి రాస్తున్నాను.

మీ ఒంట్లో ఇప్పుడు అదే కాపలా, బిడ్డ లేకుండానే, పొరపాటున మొదలైంది. దానికి లెవోసల్పిరైడ్ ఎలా కారణమవుతుందో చెబుతాను. పిట్యూటరీలోని మిగతా హార్మోన్లు బయటికి రావాలంటే పైనుంచి ప్రేరణ కావాలి. ప్రొలాక్టిన్ తీరు వేరు, దాన్ని ఎప్పుడూ ఆపి ఉంచాలి. విప్పి ఉన్న కుళాయికి అరచెయ్యి అడ్డం పెట్టినట్టు, హైపోథాలమస్ నుంచి వచ్చే డోపమిన్ అనే రసాయనం దాన్ని రోజంతా ఆపి ఉంచుతుంది. డోపమిన్ పనిచేయకుండా ఎవరు అడ్డుపడినా ప్రొలాక్టిన్ రక్తంలోకి వచ్చేస్తుంది. లెవోసల్పిరైడ్ చేసేది అదే. కడుపులో డోపమిన్‌ని అడ్డుకుని తిన్నది త్వరగా కిందికి జారేలా చేస్తుంది, ఉబ్బరం తగ్గుతుంది. కానీ మింగిన మందు కడుపు దగ్గరే ఆగదు కదా. మెదడులోకి మందులు తేలిగ్గా చొరబడకుండా రక్తనాళాల గోడల్లో ఒక అడ్డు ఉంటుంది, పిట్యూటరీ ఆ అడ్డుకు బయట ఉంది. అందుకే మెదడుకు పెద్దగా ఎక్కని మందులు కూడా పిట్యూటరీ మీద పూర్తిగా పనిచేస్తాయి.

పాంటాప్రజోల్‌తో కలిపి అమ్మే డోంపెరిడోన్ ఈ కోవలోదే. వాంతులకు ఇచ్చే మెటోక్లోప్రమైడ్ కూడా అంతే. డోంపెరిడోన్ ప్రొలాక్టిన్‌ని ఎంత నమ్మకంగా పెంచుతుందంటే, పాలు చాలని తల్లులకు కొందరు డాక్టర్లు దాన్నే రాస్తుంటారు. అలాంటి మందులను మనవాళ్లు గ్యాస్ బిళ్ల అనే పేరుతో, చీటీ లేకుండా, కాఫీ కంటే ముందు రోజూ వేసుకుంటున్నారు. ఎవరో డాక్టరు రెండు మూడు వారాలకని రాస్తారు, పాత చీటీ చూపించి, తర్వాత ఖాళీ అట్ట చూపించి ఏళ్ల తరబడి కొంటూ పోతారు. నెలసరి తప్పిందని, పిల్లలు లేరని వచ్చే అమ్మాయిలను ఏం మందులు వాడుతున్నావమ్మా అని అడిగితే ఏమీ లేవంటారు. గ్యాస్‌కి ఏమైనా అంటే అప్పుడు పర్సులోంచి అట్ట తీస్తారు. గ్యాస్ బిళ్లను మందుల లెక్కలోనే వేయకపోవడం నాకు చాలా బాధ కలిగించే విషయం.

కాబట్టి మీకు నా మొదటి సలహా: ఆ అట్ట పట్టుకుని డాక్టర్ దగ్గరికి వెళ్లి, లెవోసల్పిరైడ్ లేకుండా చూడమనండి. గ్యాస్ అని మీరనేది ఛాతీలో మంటా, పొట్ట ఉబ్బరమా, తిన్న వెంటనే నిండిపోయినట్టు ఉండటమా? ఇవి ఒకటి కాదు, ఒకే మందు కూడా కాదు. మంటే అయితే యాసిడ్ తగ్గించే మందు ఒక్కటే, కొద్ది వారాలు చాలేమో. లెవోసల్పిరైడ్ ఆపాక ప్రొలాక్టిన్ దిగడానికి నెలలు పట్టదు. అది రక్తంలో ఎక్కువ రోజులు నిలిచేది కాదు, సుమారు ఆరు నుంచి పది గంటల్లో సగమవుతుంది. మందు ప్రభావం ఒంట్లోంచి పోవడానికి కొన్ని రోజులు పడుతుంది. ఆపిన ఒకటి రెండు వారాలకు మళ్లీ పరీక్ష చేయించుకుంటే సంగతి తేలిపోతుంది. నెలసరి దారిలో పడటానికి మాత్రం ఇంకాస్త వ్యవధి ఇవ్వండి.

ఇది చదివే మిగతావారికి ఒక హెచ్చరిక. మానసిక సమస్యలకు ఇచ్చే రిస్పెరిడోన్, అమిసల్‌ప్రైడ్, హాలోపెరిడాల్ కూడా ప్రొలాక్టిన్‌ని పెంచుతాయి. వాటిని మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ సొంతంగా ఆపొద్దు. రాసిన సైకియాట్రిస్ట్‌కి నెలసరి సంగతి చెప్పండి, వేరే మందుకు మార్చడానికి దారులున్నాయి. చెప్పకుండా మానేస్తే జబ్బు తిరగబెడుతుంది.

రెండోసారి రక్తం ఇచ్చేటప్పుడు మొదటిసారి లాగా పరుగున వెళ్లి ఇవ్వకండి. ప్రొలాక్టిన్ నిద్రలో పెరుగుతుంది, లేచాక మెల్లగా దిగుతుంది. టెన్షన్‌కి పెరుగుతుంది, వ్యాయామానికి పెరుగుతుంది, సూది చూసి భయపడినా పెరుగుతుంది. తెల్లవారుజామున లేచి, బస్సులో నిలబడి, దిగగానే చెయ్యి చాపిన మనిషికి వచ్చిన అంకెను నేను ఉన్నదున్నట్టు తీసుకోలేను. నిద్ర లేచి రెండు మూడు గంటలు గడిచాక, టిఫిన్ తినకుండా వెళ్లండి, ల్యాబ్‌లో ఓ అరగంట కూర్చోండి, ఊపిరి నెమ్మదించాక ఇవ్వండి. ముందు రోజు కఠినమైన వ్యాయామం వద్దు.

ఇంకో మాట, మొహమాటం లేకుండా చెప్పాలి. పాలు వస్తున్నాయా లేదా అని రోజూ నొక్కి చూసుకుంటున్నారు. ఆ నొక్కడమే పాలు రావడానికి దోహదం చేస్తుంది. బిడ్డ చీకినప్పుడు జరిగేదే కొంతవరకు అక్కడా జరుగుతుంది. ఇవాళ్టినుంచి మానేయండి. వాటంతట అవే కారి జాకెట్టు తడుస్తుంటే, లేదా రక్తంలా ఎర్రగా వస్తుంటే, ఒక్క రొమ్ము నుంచే వస్తుంటే, అది వేరే సంగతి, డాక్టర్ చేత్తో పరీక్షించి చూడాలి.

అదే రక్తంతో థైరాయిడ్ పరీక్ష, టీఎస్‌హెచ్ కూడా చేయించండి. మీ ఉత్తరంలో థైరాయిడ్ ప్రస్తావనే లేదు. థైరాయిడ్ మందగించినప్పుడు దాన్ని లేపడానికి హైపోథాలమస్ టీఆర్‌హెచ్ అనే హార్మోన్‌ని ఎక్కువగా పంపుతుంది, అది థైరాయిడ్‌తో పాటు ప్రొలాక్టిన్‌ని కూడా ఎగదోస్తుంది. అలాంటివారికి థైరాయిడ్ మాత్ర సరిగ్గా వాడితే ప్రొలాక్టిన్ దానంతట అదే దిగుతుంది, వేరే బిళ్లే అక్కర్లేదు. కిడ్నీ పనితీరు కూడా ఓసారి చూస్తారు. ఇవన్నీ సరిగ్గా ఉండి, నెలసరి కూడా సరిగ్గా వస్తూ, అంకె మాత్రం ఎక్కువగా కనిపించేవాళ్లు కొందరుంటారు. వాళ్ల రక్తంలో ప్రొలాక్టిన్ ఒక ప్రతిరక్షకంతో అంటుకుని పెద్ద ముద్దగా తిరుగుతుంది, దానివల్ల హాని ఏమీ ఉండదు. మాక్రోప్రొలాక్టిన్ పరీక్ష అని అడిగితే పెద్ద ల్యాబుల్లో చేస్తారు.

ఇక మీకు నిద్ర లేకుండా చేసిన గడ్డ సంగతి. పిట్యూటరీలో ప్రొలాక్టిన్ తయారుచేసే కణాలు గుంపుగా పెరిగి చిన్న గడ్డ కట్టడం ఉన్నమాటే, దాన్ని ప్రొలాక్టినోమా అంటారు. ఇది దాదాపు ఎప్పుడూ క్యాన్సర్ కాదు. ఆడవాళ్లలో ఎక్కువగా కనిపించేవి 10 మిల్లీమీటర్ల లోపువి, అవి పెద్దవి కావడం అరుదు. పెద్ద గడ్డలైతే సాధారణంగా అంకె 200 దాటి పోతుంది, కొందరిలో వేలల్లో ఉంటుంది. మందుల వల్ల కూడా ఒక్కోసారి 200 దాటవచ్చు కాబట్టి అంకె ఒక్కదాన్నే చూసి తీర్పు చెప్పలేం. మీ 64తో, ఆ క్యాప్సూల్ వాడుతుండగా, ఈ వారమే ఎంఆర్ఐకి డబ్బులు పోయమని నేను చెప్పను. మందు ఆపాక, థైరాయిడ్ చూశాక, కుదురుగా కూర్చుని రక్తం ఇచ్చాక కూడా ఎక్కువే ఉంటే అప్పుడు తప్పకుండా తీయించాలి. ఒక్క మినహాయింపు: తలనొప్పి కొత్తగా మొదలై తగ్గకపోయినా, పక్కనుంచి వచ్చే బండి కనిపించక ఉలిక్కిపడుతున్నా ఆగొద్దు. కంటి నరాలు రెండూ కలిసే చోటు పిట్యూటరీకి సరిగ్గా పైనే ఉంటుంది, గడ్డ పెరిగి దాన్ని నొక్కితే చూపులో పక్క భాగాలు ముందు పోతాయి.

ఒకవేళ గడ్డ ఉందనే తేలినా తల తెరవాలని భయపడకండి. మొదటి వైద్యం మాత్రలే. మీ మెడికల్ షాపు అన్నయ్య ఇచ్చిన కాబెర్గోలిన్ ఆ మాత్రే. డోపమిన్ చేసే పనే అదీ చేస్తుంది, చాలామందిలో ప్రొలాక్టిన్ దిగుతుంది, గడ్డ కుంచించుకుపోతుంది, నెలసరి తిరిగొస్తుంది. మంచి మందు. అయినా ఇప్పుడు వేసుకోవద్దనే అంటున్నాను. ఒక చేత్తో డోపమిన్‌ని అడ్డుకునే క్యాప్సూల్, ఇంకో చేత్తో డోపమిన్ లాంటి బిళ్ల వేసుకుంటే అసలు కారణం మరుగున పడిపోతుంది. అంకె దిగిందని మీరు సంతోషిస్తారు, క్యాప్సూల్ మాత్రం అలాగే సాగుతుంది. పైగా వికారం, లేవగానే కళ్లు తిరగడం దీంతో మామూలు, కొద్దిమందిలో మనస్తత్వంలో మార్పులు కూడా వస్తాయి. కారణం తేలాక డాక్టరే రాస్తే, చెప్పిన మోతాదులో, రాత్రి భోజనం తర్వాత వేసుకోండి. అది వాడుతుండగా నెలసరి రాకముందే అండం విడుదల కావచ్చు, అంటే నెలసరి కనిపించకుండానే గర్భం నిలవొచ్చు. ఆలస్యమైతే పరీక్ష చేసుకుని, వస్తే వెంటనే డాక్టర్‌కి ఫోన్ చేయండి, చాలామందికి అప్పుడు దాన్ని ఆపేస్తారు.

పిల్లల సంగతి అడిగారు. ప్రొలాక్టిన్ ఒక్కటే అడ్డంకి అయితే, అది దిగాక అండం విడుదల మొదలవుతుంది, ఆ తర్వాత అవకాశాలు మిగతా అందరి లాగానే. కానీ అది ఒక్కటే అడ్డంకి అని ఇంకా మనకు తెలియదు. మీకు నెలసరి సరిగ్గా వచ్చిన మొదటి రెండేళ్లలో కూడా గర్భం రాలేదు కదా. ఆ రోజుల్లో మీరు వద్దనుకున్నారో, ప్రయత్నించారో రాయలేదు. ప్రయత్నించి ఉంటే, మీ వారికి వీర్య పరీక్ష చేయించాల్సిన సమయం ఎప్పుడో దాటింది. రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి ఇవ్వాల్సిన చిన్న నమూనా. నొప్పి లేదు, ఖర్చు తక్కువ, అదేరోజు రిపోర్టు. ఆడదాని ఒంటికి సూదులూ స్కానింగులూ అన్నీ అయ్యాక ఆఖరున మగవాడిని పిలవడం మన ఇళ్లలో ఇంకా ఉంది. అది తప్పు. మగవాళ్లలో కూడా ప్రొలాక్టిన్ పెరిగితే కోరిక తగ్గుతుంది, టెస్టోస్టెరాన్ పడిపోతుంది, వీర్యకణాలు తగ్గొచ్చు. మీ వారు కూడా ఆ గ్యాస్ క్యాప్సూలే వేసుకుంటున్నారేమో అడగండి. ఒకే డబ్బాలోంచి ఇంటిల్లిపాదీ వేసుకునే ఇళ్లు చాలా ఉన్నాయి.

మీ అత్తయ్యగారి గురించి. 1928లో ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో పిట్యూటరీ సారాన్ని కుందేళ్లకు ఎక్కిస్తే పాలు వచ్చాయి. 1933లో అమెరికాలో ఆస్కర్ రిడిల్ బృందం పావురాల మీద పనిచేస్తూ ఆ పదార్థానికి ప్రొలాక్టిన్ అని పేరు పెట్టింది. పావురాల్లో ఆడదీ మగదీ రెండూ పిల్లల కోసం గొంతు సంచిలో పాలలాంటిది తయారుచేస్తాయి, దాన్ని నడిపేదీ ఇదే. అయినా మనుషుల్లో ఇది విడిగా ఉందని గట్టిగా తేలింది 1970 ప్రాంతాల్లోనే. రక్తంలో కొలవడం వచ్చాకే, నెలసరి ఆగిన ఎంతోమంది ఆడవాళ్లకు కారణం ఇదని తెలిసింది. అంటే మీ అత్తయ్యగారు చిన్నతనంలో చూసిన ఏ పెద్దావిడకూ ఈ పరీక్ష లేదు. గొడ్రాలని పేరు పడ్డవాళ్లలో ఎందరికి ఇదే ఉందో ఎవరికీ తెలియదు. ఆవిడ అడిగినప్పుడు తల దించుకోకండి. "హార్మోన్ కొంచెం ఎక్కువైందత్తయ్యా, గ్యాస్ మందు వల్ల కావొచ్చన్నారు, ఆపి చూడమన్నారు, ఆయనకి కూడా పరీక్ష రాశారు" అని ఉన్నమాట చెప్పండి. మీ వారికి మాత్రం ఈ రాత్రే చెప్పండి, పాల చుక్కల సంగతితో సహా. ఒక్కరే మోయాల్సిన విషయం కాదిది.

గైనకాలజిస్ట్ దగ్గరికి వెళ్లేటప్పుడు క్యాప్సూల్ అట్ట, పాత రిపోర్టు, గత ఏడాదిలో గుర్తున్నంతవరకు నెలసరి తేదీలు ఒక కాగితం మీద రాసుకుని తీసుకెళ్లండి. అండాశయాల స్కానింగ్ అవసరమా అన్నది ఆవిడ చూసి చెబుతారు. ఫోలిక్ యాసిడ్ మాత్ర కూడా అడగండి, రోజుకు 400 మైక్రోగ్రాములు, గర్భం రాకముందునుంచే. బిడ్డ వెన్నెముక రూపం దిద్దుకునేది మొదటి నాలుగైదు వారాల్లో, నెలసరి తప్పిందని మీకు తెలిసేసరికే ఆ పని చాలావరకు జరిగిపోతుంది.